పడమటి పట్టీ మీద నీడ

నా యవ్వనంలో పెద్ద భాగం వేడిని ముందుకు పోనివ్వని ఒక పదార్థంతో గడిచింది.

దాన్ని పెరోవ్‌స్కైట్ అంటారు. ఖచ్చితంగా చెప్పాలంటే అది ఒక పదార్థం పేరు కాదు, పరమాణువుల అమరికకు పేరు. నేను పనిచేసిన రకంలో సీసం, అయోడిన్ కలిసి గూళ్లు కడతాయి. ప్రతి గూటిలోనూ ఒక చిన్న సేంద్రియ అణువు ఉంటుంది. అది కుదురుగా ఉండదు, తన గూటిలోనే అటూ ఇటూ దొర్లుతూ ఉంటుంది. ఎండను విద్యుత్తుగా మార్చే పలకల్లోనూ, విద్యుత్తును వెలుగుగా మార్చే దీపాల్లోనూ దీన్ని వాడవచ్చు. సిలికాన్‌కు కావలసిన కొలిమి దీనికి అక్కర్లేదు. ద్రావణం చేసి గాజు మీద పూసి, దోసె పెనం కన్నా తక్కువ వేడి మీద ఆరబెడితే పొర తయారవుతుంది. అందుకే ప్రపంచమంతా దీని వెంట పడింది.

అయితే దీనికొక జబ్బు ఉంది. ఘనపదార్థంలో వేడి అంటే కంపనం. ఒక పరమాణువు కదిలితే పక్కది కదలాలి, దాని కదలిక ఆ పక్కదానికి అందాలి. ఇక్కడ సీసం బరువైనది, బంధాలు మెత్తనివి, గూటిలోని అణువు నిలకడ లేనిది. కంపనం కొద్ది గూళ్లు దాటేసరికే చెదిరిపోతుంది. గాజు వేడిని సరిగా పోనివ్వదని అందరికీ తెలుసు. ఇది గాజులో సగం కూడా పోనివ్వదు.

ఈ మాట వినగానే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పొర లోపల వేడి చిక్కుకుని పైకీ కిందికీ దాటలేకపోతుందని అనుకుంటారు. అది నిజం కాదు. పొర మందం వెంట్రుక మందంలో నూరోవంతుకు మించదు. అంత పలుచని పొరను అడ్డంగా దాటడం ఏ వేడికీ కష్టం కాదు. కష్టమంతా పొర వెంట పక్కకు జరగడంలో ఉంది. ఏదో ఒక చుక్క దగ్గర విద్యుత్తు ఎక్కువగా గుమిగూడితే అక్కడ పుట్టిన వేడి పక్కకు పాకిపోదు. ఆ చుక్క ఒక్కటే కాలుతుంది, సీసం ఉప్పుగా విడిపోయి పసుపుపచ్చగా మారుతుంది. చుట్టూ అంతా నల్లగా, ఆరోగ్యంగా ఉంటుంది. మధ్యలో పసుపు మచ్చ.

నా పరిశోధన ఆ మచ్చ గురించే. పొర వెనుక బోరాన్ నైట్రైడ్ రజను కలిపిన ఒక సన్నని పూత వేస్తే, విద్యుత్తును ఆపి వేడిని మాత్రం పక్కకు పంచవచ్చునని నా ప్రతిపాదన. మొదటి నాలుగు అధ్యాయాలూ గదిలో చేసిన కొలతలతో నిండాయి. పూత వేస్తే చుక్క దగ్గరి వేడి తగ్గుతుందని అవి చూపించాయి. ఇక కావలసింది చివరి అధ్యాయం. పూత ఉన్న ముక్క, పూత లేని ముక్క, రెండూ సిద్దిపేట ఎండాకాలంలో పక్కపక్కన నిలబడి, ఏది ఎక్కువ కాలం బతుకుతుందో చూపించాలి. నా రిజిస్ట్రేషన్ గడువును యూనివర్సిటీ అప్పటికే పొడిగించింది. ఆ ఎండాకాలం తప్పితే మరో ఎండాకాలం నాకు లేదు.

నేను ఊరి బయటి ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ పీహెచ్‌డీ చేసేదాన్ని. మా విభాగాధిపతే నా గైడు. అందువల్ల నా సెలవు చీటీ మీదా, నా థీసిస్ మీదా పడవలసింది ఒకే సంతకం.

ముక్కలు తయారు చేసే వసతి మా కాలేజీలో లేదు. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి, యూనివర్సిటీ ల్యాబులో ఖాళీ దొరికిన పూట కూర్చుని చేసుకునేదాన్ని. చేతి వెడల్పు గాజు మీద ఐదు నల్లని పట్టీలు, ఒకదాని తర్వాత ఒకటి వరుసలో కలిపినవి. అంచులు జిగురుతో మూసి, తేమ పీల్చే పొట్లాలు వేసి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని జూబ్లీ బస్టాండులో బస్సెక్కేదాన్ని. ఒళ్లో పెట్టుకున్న డబ్బాను చూసి పక్కనున్నవాళ్లు ఏం కూర అని అడిగేవారు.

ఇంట్లో అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుడుతూ ఉండేది. నేను డబ్బా మూత తీసిన రోజు చేట పక్కకు జరిపి తొంగి చూసింది.

"గిన్నెల అద్దాలేందే? అన్నం యాడ వాయె?"

"దీంట్ల సీసం ఉంటది అవ్వా. గీ గిన్నె ఇంక తినేటందుకు తియ్యకు."

"అంటే నా గిన్నె గూడ సదువుకే పాయె." కాసేపు ఆకు కత్తిరించి మళ్లీ అంది. "పక్కింటామె రోజు అడుగుతుంది, మీ బిడ్డ ఇంక ఏం సదువుతుందని. ఏమని చెప్పాలె?"

"వేడి ఎటు పోతదో చూస్తుందని చెప్పు."

"గిది చూసుటానికి హైదరాబాద్ దాక పోవుడెందుకు, గీ రేకుల కింద రెండు గంటలు కూసోరాదు."

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. అప్పటికి నాకు నవ్వడానికి తీరిక ఉండేది.

కాలేజీ డాబా మీద నా స్టాండు కోసం స్థలం వెతకడానికి చాలా మధ్యాహ్నాలు పట్టింది. నీడ పడని చోటు కావాలి. పిట్టగోడ మోకాలెత్తే కాబట్టి దానితో ఇబ్బంది లేదు. నీళ్ల ట్యాంకు నీడ సాయంత్రం వస్తుంది గానీ, నేను ఎంచుకున్న చోట రెండు ముక్కలనూ ఒకేసారి, మొత్తంగా కప్పేస్తుంది. అలాంటి నీడతో ప్రమాదం లేదు. ప్రమాదమంతా సగం నీడతోనే. స్టాండును దక్షిణానికి వాల్చాను. పూత ఉన్న ముక్కను పడమట, పూత లేనిదాన్ని తూర్పున బిగించాను. ప్రతి పట్టీ వెనుకా ఉష్ణోగ్రత కొలిచే తీగ అతికించి, అన్నింటినీ ఒక రికార్డు పెట్టెకు కలిపాను.

ఇనుప యాంగిళ్లు పైకి మోసి, గోడకు బోల్టులు కొట్టింది మా విభాగం అటెండరు. ఆయనది వేములఘాట్. ఊరు, పొలం రిజర్వాయరు కిందికి పోయాక గజ్వేల్ వైపు కాలనీలో ఇల్లిచ్చారు. అక్కడ చేసేందుకు పని లేక బంధువుల ద్వారా మా కాలేజీలో చేరాడు. నేను ఆయన్ను కాకా అని పిలిచేదాన్ని.

"గిదేం పంట మేడం, గింత జాగ్రత్తగ మడి కడుతున్నరు?" అని అడిగాడు బోల్టు బిగిస్తూ.

"ఎండ పంట కాకా."

"అయితే మీకు కరువు లేదు," అన్నాడు.

హోలీ దాటిన దగ్గర్నుంచి రికార్డు మొదలైంది. ఎండ ముదిరేకొద్దీ రెండు ముక్కల మధ్య తేడా కనిపించసాగింది. పూత లేని ముక్కలో మధ్య పట్టీ చుట్టుపక్కల కన్నా వేడెక్కేది, దాని విద్యుత్తు మెల్లగా తగ్గుతూ వచ్చింది. పూత ఉన్న ముక్కలో ఐదు పట్టీలూ దాదాపు ఒకే వేడి మీద ఉండేవి, విద్యుత్తు నిలకడగా ఉండేది. మే నెల గడిచేదాకా అలాగే నిలబడితే చివరి అధ్యాయం దానంతటదే రాయబడేది. నేను క్లాసు అయిపోగానే డాబా ఎక్కి, ఆ ఐదు అంకెలు చూసి, కిందికి దిగేదాన్ని. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మే నెలలోనే కాలేజీకి తనిఖీ కమిటీ వస్తుందన్నారు.

తనిఖీ అంటే ఏమిటో ఈ ఉద్యోగాలు చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మా మేనేజ్‌మెంటుకు మూడు కాలేజీలు ఉన్నాయి గానీ ఆసిల్లోస్కోపులు ఒక కాలేజీకి సరిపడానే ఉన్నాయి. తనిఖీ ఏ కాలేజీకి వస్తే అవి ఆ కాలేజీకి వ్యానులో వస్తాయి. వాటి మీది స్టిక్కర్లు దారిలోనే మారిపోతాయి. పరికరాలు తిరిగినట్టే మనుషులూ తిరుగుతారు. పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకులు ఇందరు ఉండాలని నిబంధన ఉంది కాబట్టి, ఉన్న కొద్దిమందినీ ఆ రోజుకు అక్కడ కూర్చోబెడతారు. మా కాలేజీ వంతు వచ్చినప్పుడు నన్ను హుస్నాబాద్‌లో ఒక కాలేజీకి ప్రాక్టికల్స్ ఎగ్జామినర్‌గా పంపారు. నా కుర్చీలో పీహెచ్‌డీ ఉన్న మరో కాలేజీ మేడం కూర్చున్నారు. ఆవిడ ముందు నా డబ్బాలాంటిదే ఒక డబ్బా పెట్టి, ఆవిడ పరిశోధనగా చూపించారని తర్వాత తెలిసింది. అందులో ఏం పెట్టారో మాత్రం తెలియలేదు.

కమిటీ మొదట చెప్పిన రోజున రాలేదు. వాయిదా పడింది. ఈలోగా హుస్నాబాద్‌లో నా పని కూడా సాగింది. పత్తి మార్కెట్ దగ్గరి లాడ్జిలో ఉంటూ, పగలు పిల్లల రీడింగులు దిద్దుతూ, డాబా మీద నా పట్టీలు ఎంత వేడిగా ఉన్నాయో ఊహించుకునేదాన్ని.

తిరిగి వచ్చిన మధ్యాహ్నం గేటు దగ్గర నుంచే ఫ్లెక్సీ కనిపించింది. కమిటీ వచ్చి, భోంచేసి, వెళ్లిపోయింది. ఫ్లెక్సీని మాత్రం ఎవరూ తీయలేదు. సిద్దిపేటలో ఫ్లెక్సీలు కట్టేవాళ్లుంటారు గానీ తీసేవాళ్లుండరు, గాలే తీయాలి. అది డాబా పడమటి పిట్టగోడ మీద, రోడ్డుకు కనిపించేలా, చెక్క ఫ్రేముకు బిగించి ఉంది. కమిటీకి స్వాగతం పలుకుతూ మా చైర్మన్ నిలువెత్తున చేతులు జోడించి ఉన్నారు. ఆయన తల ఫ్రేము పైకి వచ్చేలా కటౌట్ కోయించారు.

నేను బ్యాగు కింద పెట్టకుండానే డాబా ఎక్కాను.

ఫ్రేము పడిపోకుండా వెనుక నుంచి ఒక తాడు లాగి నా స్టాండు కాలికి కట్టారు. సూర్యుడు పడమటికి వాలాడు. చైర్మన్ తల నీడ అంచు పూత ఉన్న ముక్క మీద, పడమటి చివరి పట్టీ మీద సరిగ్గా కూర్చుని ఉంది. మిగతా నాలుగు పట్టీలు ఎండలో వెలుగుతున్నాయి. తూర్పు ముక్క మీద నీడ లేదు. నేను తీగ పీకి, వంగి చూశాను. పడమటి పట్టీ నడుమ పసుపుపచ్చ మచ్చ ఉంది. చిటికెన వేలి గోరంత. అంచులు పదునుగా, ఎవరో పనిగట్టుకుని గీసినట్టు ఉన్నాయి.

నీడ పడితే చల్లబడాలి గదా, ఎందుకు కాలింది అని ఎవరైనా అడుగుతారు. ఐదు పట్టీలు వరుసలో ఉన్నాయి కాబట్టి ఒకే విద్యుత్తు ఐదింటి గుండా పోవాలి. ఎండలో ఉన్న నాలుగూ విద్యుత్తును తోస్తాయి. నీడలో ఉన్నది పుట్టించలేదు, దారి కూడా ఇవ్వలేదు. నాలుగింటి ఒత్తిడీ దాని మీద తిరగబడి పడుతుంది. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ విద్యుత్తు ఒక్క చుక్కలోంచి దూసుకుపోతుంది. ఆ చుక్క దగ్గర పుట్టిన వేడికి పక్కకు దారి లేదు. నా పూత కొంత దారి ఇచ్చి ఉంటుంది. కానీ అది పట్టీ తనంతట తాను పనిచేస్తున్నప్పుడు పుట్టే వేడికి వేసిన పూత, నాలుగు పట్టీల బలం ఒక్క చుక్కలో దిగినప్పటికి కాదు. ఇళ్ల మీది పెద్ద ప్యానెళ్లలో ఇలాంటప్పుడు విద్యుత్తును పక్కదారి పట్టించే డయోడు ఉంటుంది. చేతి వెడల్పు ముక్కలో అలాంటిది ఎవరూ పెట్టరు. నీడ పడని చోటు వెతుక్కుంటారు.

రికార్డులో అంతా ఉంది. హుస్నాబాద్‌లో నేనున్న రోజుల్లో, ప్రతి మధ్యాహ్నం నీడ వచ్చే వేళకు ఆ ఒక్క పట్టీ వేడి నిట్టనిలువుగా పైకి లేచింది, నీడ దాటాక దిగింది. మొదటి రోజుల్లో పట్టీ తట్టుకుంది. పూత లేని ముక్క అయితే మొదటి రోజే పోయి ఉండేదని నాకు అనిపించింది. కానీ అనిపించడం కొలత కాదు. దాని మీద నీడ పడలేదు గనుక దాని సంగతి నేను చెప్పలేను.

కాకా మెట్ల మీద తువాలుతో ముఖం తుడుచుకుంటూ ఎదురయ్యాడు.

"ఎప్పుడొచ్చిన్రు మేడం?"

"ఫ్లెక్సీ ఎవరు కట్టిన్రు కాకా?"

"నేనే." నా ముఖం చూసి ఆగాడు. "ఏమైంది, ఏమన్న తగిలిందా? నేను మీ అద్దాలను ముట్టలే. తాడు ఒక్కటి కట్టిన, గది గూడ ఇనుము కాలుకు."

"నీడ పడ్డది."

"నీడ పడుతే ఏమైతది?"

"కాలిపోయింది."

"నీడకు కాలుడేంది మేడం. నేను మీ అంత సదువుకోలేదు గని, ఎండకు కాలుతది, నీడకు కాలదు."

"జాగ ఎవరు చూపించిన్రు?"

"మీ గైడు సారే. నేను గేటు కాడ కడ్త అన్న. గాడ కడితే కారుల నుంచి దిగంగనే కనపడదు, పైన కట్టు అన్నడు. గాలికి ఎగురుతది సార్ అంటే, గా మేడం స్టాండు ఉన్నది గదా, దానికి కట్టు అన్నడు." గొంతు తగ్గించాడు. "మేడం, నా పేరైతే ఎత్తకున్రి. మీ కాల్మొక్కుత. నాకు ఇప్పుడు పోయి దున్నుకునేందుకు గూడ ఏం లేదు."

ఎత్తనన్నాను.

గైడు తన గదిలో టీ తాగుతున్నారు. తనిఖీ బాగా జరిగిన సంతోషం ఇంకా ముఖంలోనే ఉంది.

"రా అమ్మా, కూసో. హుస్నాబాద్ ఎట్లుంది? పత్తి దుమ్మేనా?"

"సార్, పూత ఉన్న ముక్క పోయింది. ఫ్లెక్సీ నీడ ఒక పట్టీ మీద పడింది."

"అయ్యో," అన్నారు. కప్పు కింద పెట్టలేదు. "నీడకు పోతదా?"

ఆయన ఆ పాఠం నేను పుట్టకముందు నుంచి చెబుతున్నారు. అయినా నేను పట్టీలు, వరుస, తిరగబడిన ఒత్తిడి అంతా చెప్పాను. విన్నారు.

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడు చాప్టర్ల ఏమని రాస్తవ్?"

"జరిగింది రాస్తా సార్. రికార్డు ఉంది. పక్కనున్న బ్యానర్ నీడ వల్ల ఒక పట్టీ దెబ్బతిన్నది, అంతవరకు పూత ఉన్న ముక్క నిలకడగా ఉంది అని."

"మబ్బు అని రాయి."

"మబ్బు రెండు ముక్కలనూ కప్పుతుంది సార్. ఒక్క పట్టీ మీద ఆగే మబ్బు ఉండదు."

"అయితే పిట్ట రెట్ట అని రాయి. ఫారిన్ పేపర్లల్ల గూడ రాస్తరు. తప్పు లేదు దాంట్ల."

"రెట్ట ఉన్నచోటే ఉంటుంది సార్. ఇది రోజూ ఒకే వేళకు వచ్చి, ఒకే వేళకు పోయింది. రికార్డు చూసినవాళ్లెవరైనా అడుగుతారు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇగో, నువ్వు తెలివైనదానివి. రేపు యూనివర్సిటీల ఒకడు అడుగుతడు, ఎవరి బ్యానరమ్మా అని. చైర్మన్ సార్ తలకాయ నీడ పడి ప్రాజెక్టు కాలిపోయిందని చెప్తవా? ఆయన పైసలతోని నడుస్తున్న కాలేజిల కూసోని?"

"తలకాయ అని రాయను సార్."

"తలకాయ అని రాయదంట," అన్నారు గోడ వైపు చూసి, అక్కడ ఎవరో ఉన్నట్టు. తర్వాత గొంతు మెత్తబడింది. "ఒక పని చేద్దాం. అటెండర్ నెగ్లిజెన్స్ అని పెట్టు. మెయింటెనెన్స్ స్టాఫ్ తప్పు వల్ల షేడ్ పడ్డది. వాడు కట్టిండు, వాడు చూసుకోలే. వాని దగ్గర ఒక సంజాయిషీ రాయిస్త, నువ్వు ఫైల్‌ల పెట్టుకో. యూనివర్సిటీ ఒప్పుకుంటది, నీ చాప్టర్ నిలబడ్తది."

"ఆయన ఉద్యోగం?"

"ఇంకోకాడ చూసుకుంటడు."

"అక్కడ కట్టమన్నది ఎవరు సార్?"

ఆయన టీ కప్పు కింద పెట్టారు. బయట కారిడార్లో ఆసిల్లోస్కోపులను వెనక్కి పంపడానికి అట్టపెట్టెల్లో సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నీకు చాప్టర్ కావాల్నా, వాడు కావాల్నా?" అన్నారు. కోపంగా కాదు. మార్కెట్లో రెండింటిలో ఏది తూకం వేయమంటావని అడిగినట్టు అడిగారు.

అటెండరు పేరు రాయనన్నాను. చాప్టరు తీసేయమన్నారు. నాలుగు అధ్యాయాలతోనే వేద్దాం, అవుట్‌డోర్ టెస్టు చేయలేదనుకుందాం అన్నారు. మళ్లీ ముక్కలు చేసి మళ్లీ పెట్టడానికి గడువు లేదని ఇద్దరికీ తెలుసు. ఆ వారంలోనే తొలకరి పడింది. ఫ్లెక్సీ తడిసి, ఒక మూల ఊడి, చైర్మన్ ముఖం సగం కిందికి వంగింది. ఇప్పుడు పడే నీడ ఎవరినీ ఏమీ చేయదు.

నేను కాకా పేరు రాయలేదు గానీ దానివల్ల ఆయనకు ఒరిగిందీ లేదు. విద్యా సంవత్సరం మొదలయ్యేసరికి ఆయన్ను హాస్టలు వంటశాలకు మార్చారు. ఒకసారి అక్కడ కనిపించాడు. బియ్యం చెరుగుతున్నాడు.

"నీ గురించి నేనెక్కడా ఏం చెప్పలేదు కాకా."

"చెప్పిన్రో లేదో నాకేం ఎరుక మేడం. మీరు సార్ రూములకు వోయిన్రు, నేను గీడికి వచ్చిన," అన్నాడు. తల ఎత్తలేదు. ఆ తర్వాత ఆయన నన్ను చూస్తే పక్క వరండాలోకి తిరిగిపోయేవాడు.

థీసిస్ ఇవ్వాలంటే ముందుగా ఒక ప్రచురణ ఉండాలి. నా నాలుగు అధ్యాయాల మీద పంపిన పేపరు ఒక పత్రికలో సమీక్ష దగ్గరే నిలిచి ఉంది. అది ఎప్పుడు తేలుతుందో తెలియదు. గడువు దగ్గరికొచ్చాక గైడు ఒక రోజు పిలిచి, ఒక కాన్ఫరెన్స్ సంపుటిలోని నాలుగు పేజీలు చేతికిచ్చారు.

"చూడు, నీ పేరు గూడ పెట్టిన. పబ్లికేషన్ లేకపోతే తీసుకోరు గదా. నీకోసమే."

మొదటి పేరు ఆయనది, రెండోది నాది. నా స్టాండు ఫొటో ఉంది. నా రికార్డులోంచి మొదటి రోజు అంకెలు, చివరి రోజు అంకెలు తీసుకున్నారు. మధ్యవి వదిలేశారు. ఆ రెండింటినీ చూస్తే పూత లేని ముక్క చివరిదాకా ఎంతో కొంత పనిచేసింది, పూత ఉన్నది పూర్తిగా పోయింది. ముగింపులో ఒక్క వాక్యం ఉంది. అధిక ఉష్ణోగ్రత గల ప్రాంతాల్లో ఇటువంటి వేడి పంచే పూత వల్ల పెరోవ్‌స్కైట్ పలకలకు ప్రయోజనం కనిపించలేదు.

"సార్, ఇది తప్పు."

"అంకెలు నీవే."

"మధ్యవి లేవు."

"మధ్యవి పెట్టాలంటే నీడ పెట్టాలె," అన్నారు. "వద్దంటే చెప్పు, పేరు తీయిస్త. ఇంకో పబ్లికేషన్ ఎప్పుడొస్తదో చూసుకోని అప్పుడే సబ్మిట్ చేద్దువు."

ఆ 'అప్పుడు' అనేది నాకు లేదని ఇద్దరికీ తెలుసు. నేను ఆ నాలుగు పేజీలనూ థీసిస్ వెనుక జతచేశాను. నా థీసిస్ మొదటి నాలుగు అధ్యాయాలు పూత పనిచేస్తుందని చెబుతాయి. చివర అతికించిన పేపరు పనిచేయదని చెబుతుంది. రెండింటి మీదా నా పేరు ఉంది. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడా ఒక ఫ్లెక్సీ అని తెలిసినవాళ్లం ముగ్గురం.

వైవా యూనివర్సిటీలో జరిగింది. విశాఖ నుంచి వచ్చిన ఎగ్జామినరు పెద్దమనిషి, మర్యాదస్తుడు. థీసిస్‌ను నిజంగానే చదివి వచ్చారు. పేజీల మధ్య రంగు కాగితాలు పెట్టుకున్నారు. అది చూసి నాకు చాలా కాలం తర్వాత సంతోషం కలిగింది. చదివినవాడు తప్పకుండా అడుగుతాడు. అడిగారు.

"అమ్మా, నాకు ఒకటి అర్థం కాలేదు. మీ మూడో అధ్యాయం ప్రకారం పూత వేస్తే చుక్క వేడి బాగా తగ్గుతోంది. కొలతలు చాలా శుభ్రంగా ఉన్నాయి. మరి వెనుక పెట్టిన ఈ పేపర్లో ఎండలో పెడితే పూత ఉన్నదే ముందు పోయిందంటున్నారు. ఈ రెంటిలో ఏది నమ్మమంటారు?"

గైడు నా పక్కనే కూర్చుని ఉన్నారు. నేను ఆయన వైపు చూడలేదు.

"మూడో అధ్యాయం నమ్మండి సార్. ఎండలో పూత పోలేదు. కాలేజీ వాళ్లు డాబా మీద చైర్మన్ గారి ఫ్లెక్సీ కట్టారు. మధ్యాహ్నం ఆయన తల నీడ ఒక పట్టీ మీద పడేది. మిగతా నాలుగు పట్టీల విద్యుత్తు దాని మీద తిరగబడి ఆ పట్టీ కాలింది. రికార్డు ఉంది, తెచ్చాను."

నేను ఉన్నది ఉన్నట్టు, ఒక్కో మాటా చూసుకుని చెప్పాను. ఆయన ఒక్క క్షణం నన్నే చూశారు. తర్వాత నవ్వారు. ముందు మెల్లగా, తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా. గదిలో వెనుక కూర్చున్న పరిశోధక విద్యార్థులు కూడా నవ్వారు. అందరికన్నా చివర, అందరికన్నా గట్టిగా, మా గైడు నవ్వారు.

"మా సిద్దిపేటోళ్లు గిట్లనే ఉంటరు సార్," అన్నారాయన. "వైవాల గూడ హుషారు తగ్గదు."

"బాగుంది, బాగుంది. జోకు పక్కన పెట్టండమ్మా," అన్నారు ఎగ్జామినరు.

గైడు అందుకున్నారు. అంచుల జిగురు సరిగా అతకక తేమ దిగిందని, బయటి పరీక్షల్లో ఇది మామూలేనని, మున్ముందు ఆ దిశలో పని చేస్తామని చెప్పారు. తేమ అనే మాట వినగానే ఎగ్జామినరు ముఖం తేరుకుంది. అది ఆయనకు తెలిసిన జబ్బు. రంగు కాగితం తీసి పక్కన పెట్టి తర్వాతి పేజీకి వెళ్లారు. నా చేతిలో రికార్డు ముడుచుకునే ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. అడిగిన ప్రశ్నలన్నింటికీ సంతృప్తికరంగా సమాధానం చెప్పారని నివేదికలో రాసి డిగ్రీకి సిఫారసు చేశారు.

వైవా అయ్యాక కమిటీకి స్కాలరే భోజనం పెట్టాలి, అది ఆనవాయితీ. విభాగం హాల్లో బిర్యానీ తెప్పించాను. ఎగ్జామినరు పళ్లెం పట్టుకుని, అప్పుడే వచ్చిన మరో ప్రొఫెసరుకు నన్ను చూపించారు.

"ఈ అమ్మాయి ఏం చెప్పిందో విన్నారా? వీళ్ల కాలేజీలో మినిస్టర్ గారి కటౌట్ పెట్టారట. ఆ నీడకు సోలార్ ప్లాంటు మొత్తం కాలి బూడిదైపోయిందట."

మినిస్టరు కాదు, చైర్మన్. ప్లాంటు కాదు, ఒక పట్టీ. బూడిద కాదు, చిటికెన వేలి గోరంత పసుపు మచ్చ. సరిదిద్దుదామని నోరు తెరిచాను. వచ్చిన ప్రొఫెసరు అప్పటికే నవ్వుతున్నారు. ఎగ్జామినరు పళ్లెంలో ముక్కలు తగ్గాయి, చూసి వెయ్యమని గైడు నాకు సైగ చేశారు. వేశాను. ఎగ్జామినరు పళ్లెం ముందుకు చాపి, కాస్త పెరుగు పచ్చడి వేయమ్మా డాక్టరుగారూ అన్నారు.